అయిదో వంతు

"ఈ క్రింది గద్యభాగమును మూడవ వంతుకు సంగ్రహింపుము" అని ప్రశ్నపత్రంలో అచ్చు వేయించడం మా తెలుగు మాస్టర్లకు చాలా సులువు. రాసేవాడి కష్టం రాసేవాడిది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఆ ప్రశ్న ఇస్తూ వస్తున్న నాకు, ఆ కష్టమేమిటో మొన్న సంక్రాంతి సెలవుల్లో గాని తెలిసిరాలేదు. అదైనా తెలుగు పాఠంలో కాదు, పెళ్లి వీడియోలో.

సంగతేమిటంటే, తెనాలి దగ్గర పల్లెటూళ్లో మా మేనత్త ఉంది. ఆవిడ మనవరాలి పెళ్లి 2013లో జరిగింది. ఆ మరుసటి ఏడే మామయ్య పోయారు. ఆయన నడుస్తూ, నవ్వుతూ కనిపించే బొమ్మ ఎక్కడైనా ఉందంటే ఆ పెళ్లి వీడియోలోనే. తీసినవారు దాన్ని ఒక డిస్కు మీదకి ఎక్కించి ఇచ్చారు. అత్తయ్య ఒక్కసారి వేసుకు చూసి, బీరువాలో పెట్టి తాళం వేసింది. పండక్కి వెళ్లినప్పుడు ఎందుకలా దాచేశావని అడిగాను.

"ఏం చూడమంటావురా? మీ మామయ్య అంత సన్నగా, తాటిచెట్టులా ఎప్పుడున్నారు? చెయ్యి కదిపితే దువ్వెన పళ్లు! మొహం చూద్దామంటే గళ్లు గళ్లు!" అంది.

వేసి చూశాను. ఆవిడ మాటల్లో అతిశయోక్తి అలంకారం లేదు.

కొత్త టీ.వీ. ఒకటి కొనిపెడితే పోయేదానికి ఇంత కథ దేనికి అని మీరనవచ్చు. మా అబ్బాయీ అదే అన్నాడు. కాని అత్తయ్య ఇంట్లో ఉన్నది పెట్టెలాంటి పాతకాలపు టీ.వీ. దాని కింద మామయ్య కొన్న డి.వి.డి. ప్లేయరు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఆయనే ఆవిడకి నేర్పారు. అవి పనిచేస్తున్నన్నాళ్లూ ఇంట్లోకి ఇంకోటి రాకూడదని ఆవిడ శాసనం. అంచేత టీ.వీ.ని మార్చే మాట లేదు. బొమ్మనే మార్చాలి.

అదృష్టం కొద్దీ మా బావ, అంటే పెళ్లికూతురి తండ్రి, అసలు వీడియోని అడిగి తీసుకుని హార్డుడిస్కులో దాచి ఉంచాడు. దాన్ని సంచీలో వేసుకుని గుంటూరులో ఉన్న నా పాత శిష్యుడి దగ్గరికి వెళ్లాను. వీడియోలు కూర్చడం అతని వృత్తి.

"మాస్టారూ, ఇందులో ఒక్కొక్క బొమ్మకీ అడ్డంగా 1920 చుక్కలు, నిలువునా 1080. మన దేశపు డి.వి.డి.లో పట్టేది అడ్డంగా 720, నిలువునా 576. మీరే లెక్క వేసుకోండి" అన్నాడు.

వేశాను. అక్కడ 20,73,600. ఇక్కడ 4,14,720. సరిగ్గా అయిదో వంతు! మేము పరీక్షలో మూడో వంతే అడుగుతాం.

"అయితే నాలుగు వంతులు నీళ్లలో పోసినట్టేనా?"

"పోక తప్పదు మాస్టారూ. కాని ఏది పోవాలో మనం చెప్పకపోతే యంత్రం దానికి తోచింది పారేస్తుంది. ఆ డిస్కులో జరిగిందదే."

ముందు దువ్వెన పళ్ల సంగతి చూశాం. ఆ కెమెరా సెకనుకు 25 బొమ్మలు తీస్తుంది. కాని ఒక్కొక్క బొమ్మా నిజానికి రెండు సగాలు. బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తరవాతివి. కదలని గోడతో చిక్కు లేదు. తలంబ్రాలు పోసే చెయ్యి మాత్రం ఆ కాస్త వ్యవధిలోనే జరిగిపోతుంది. సగాలను విడదీయకుండా 1080 గీతలనీ 576కి నొక్కేస్తే, ఆ క్షణమూ ఈ క్షణమూ కలిసి ముద్దయిపోతాయి. అందుకని ముందు సగాలు విడదీసి, ఒక్కొక్క సగాన్నీ నిండు బొమ్మగా పూరించుకోవాలి. సెకనుకు 50 బొమ్మలవుతాయి. అప్పుడు వాటిని చిన్నవి చెయ్యాలి. చేశాక, ఒకదాంట్లోంచి బేసి గీతలు, తరవాతిదాంట్లోంచి సరి గీతలు తీసుకుని మళ్లీ 25 బొమ్మలుగా అల్లాలి. అత్తయ్య టీ.వీ.కి కావలసింది ఆ అల్లికే. పద్యాన్ని పదచ్ఛేదం చేసుకుని, అర్థం తెలిశాక మళ్లీ సంధి కలిపి చదవమని మేం చెప్పేదీ ఇదే కదా అనుకున్నాను.

రెండోది పట్టుచీరలది. పాత డిస్కులో జరీ అంచులన్నీ మిణుగురుల్లా మెరిసి చంపాయి. దానికి కారణం వింటే ఆశ్చర్యం వేసింది. బొమ్మ మరీ పదునుగా ఉండటమే జబ్బట! ఒక్క గీత మందాన ఉన్న జరీ పోగు ఒక సగంలో కనిపిస్తుంది, రెండో సగంలో మాయమవుతుంది. అలా సెకనుకు 25 సార్లు వెలిగి ఆరుతుంది. నిలువునా బొమ్మని పిసరంత మెత్తన చేస్తే ఆ మిణుకుమిణుకు ఆగింది. కాస్త వదులుకుంటే గాని కంటికి సుఖం లేదన్నమాట.

తాటిచెట్టు సంగతి ఇంకా చిత్రం. వెడల్పు బొమ్మకైనా, పాతకాలపు నలుచదరపు బొమ్మకైనా డి.వి.డి.లో చుక్కలు అవే 720, 576. ఇది వెడల్పు బొమ్మ సుమా, 16కి 9 పాలు అని డిస్కులో ఒక గుర్తు పెట్టాలి. అది పెట్టనందువల్ల బొమ్మ ఇరుకున పడి మనుషులు పొడుగు సాగారు. గుర్తు పెట్టగానే ప్లేయరు పైనా కిందా నల్లపట్టీలు వదిలి, మామయ్యని మామయ్యలా చూపించింది.

గళ్లకి కారణం పిసినారితనం. ఒక డిస్కులో పట్టేది 470 కోట్ల బైట్లు, అంటే 3,760 కోట్ల బిట్లు. మూడు గంటల పెళ్లిని ఒక్కదాంట్లో కుక్కితే సెకనుకు సుమారు 35 లక్షల బిట్లే వస్తాయి. బొమ్మకి 98 లక్షల దాకా ఇవ్వవచ్చునని డి.వి.డి. నియమం. మేము రెండు డిస్కులు చేశాం. శబ్దానికీ తక్కిన హంగులకీ పోను బొమ్మకి సెకనుకు 65 లక్షలు దక్కాయి. అదైనా అన్నిచోట్లా సమానంగా పంచలేదు. యంత్రం మొదటిసారి ఊరికే చూసుకుపోతుంది, రెండోసారి రాస్తుంది. పీటల మీద కదలకుండా కూర్చున్నప్పుడు పొదుపు, తలంబ్రాలప్పుడు ధారాళం. రంగులు లెక్కకట్టే సూత్రం కూడా పెద్ద బొమ్మకొకటి, చిన్న బొమ్మకొకటి ఉందట. అదీ మార్చాం.

ఇంత చేసీ మొదటిసారి తప్పాం. గుంటూరులో కంప్యూటరు మీద కన్నుల పండుగగా ఉన్న డిస్కు, అత్తయ్య ఇంట్లో వేస్తే నడిచే ప్రతివాడూ ఒక అడుగు ముందుకీ, అర అడుగు వెనక్కీ వేయడం మొదలెట్టాడు. సగాల వరస తారుమారయింది. తరవాతి క్షణం ముందొచ్చి, ముందు క్షణం తరవాత వస్తోంది. కంప్యూటరు తెర రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తుంది గనక అక్కడ బయటపడలేదు. మళ్లీ రాయడానికి వీలైన డిస్కు మీద పరీక్ష చేశాం గనక నష్టం బస్సు చార్జీలతో సరిపోయింది. ఎవరు ఎక్కడ చూస్తారో అక్కడే సరిచూసుకోవాలని నా శిష్యుడు చెంపలు వేసుకున్నాడు.

శివరాత్రి సెలవుకి కొత్త డిస్కులు పట్టుకెళ్లాను. అత్తయ్య కుర్చీ దగ్గరగా జరుపుకుంది. పందిరి గుంజ పక్కన మామయ్య కనిపించారు. తల వంచుకుని, పైపంచె కొంగుతో చేతిలో ఏదో తుడుచుకుంటున్నారు. పాత డిస్కులో అక్కడ ఉన్నది ఒక మసక ముద్ద.

"ఆపు, ఆపు! ఆ చేతిలో ఏమిట్రా?"

"కళ్లజోడు అత్తయ్యా."

చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే తెచ్చుకున్నారన్నమాట! ఇంట్లో మరిచిపోయి వచ్చారని ఆ వేళంతా నలుగురిలో సాధించాను. తెచ్చానని ఒక్క మాటైనా అన్నారు కాదు చూడు" అంది. చీర చెంగుతో కళ్లు ఒత్తుకుని, "మళ్లీ వెయ్యి" అంది.

వేశాను. ఆ పూట ఎన్నిసార్లు వేశానో లెక్కపెట్టలేదు.

ఈ ఏడు సంగ్రహం జవాబులు దిద్దేటప్పుడు వాక్యాలు కూడా లెక్కపెట్టను. కళ్లజోడు మిగిలిందా లేదా అన్నదొక్కటే చూస్తాను.