నెయ్యికి అంటని పాపం బోటికెందుకు?

మొన్న పర్యావరణ దినోత్సవం పేరుతో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఓ పెద్దమనిషి అరగంట మాట్లాడి తేల్చిందేమిటంటే, మటన్, చికెన్ మానేస్తే భూమి చల్లబడుతుందట. తినేవాళ్లకి భూమి మీద ప్రేమ లేదట. చప్పట్లు మోగాయి. వెంటనే భోజనాలు. పనీర్ బటర్ మసాలా, నేతి పెసరట్టు, గడ్డపెరుగు, పాలకోవా. పాలచుక్క తగలనివి చారూ ఆవకాయే.

ఇదొక ఫ్యాషనైపోయింది. ఒకప్పుడు "మేం ముట్టం" అని ఊరుకునేవారు. అది వాళ్ల ఇష్టం అనుకునేవాళ్లం. ఇప్పుడు "మేం ముట్టం కాబట్టే లోకం నిలబడింది" అంటున్నారు. 2023లో మండీ ఐఐటీ డైరెక్టర్ ఒకడుగు ముందుకేసి, హిమాచల్‌లో కొండచరియలు విరిగిపడటానికి జీవహింసే కారణమని విద్యార్థులకి బోధించారు. మాంసం తినబోమని వాళ్లచేత మాట కూడా ఇప్పించుకోబోయారు. కొండల్ని నిలువునా కోసి రోడ్లు వేసినవాళ్లు ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటారు.

సరే, లెక్కే చూద్దాం. మీథేన్ నెమరువేసే పశువు త్రేన్పుల్లోంచి వస్తుంది. కోడి నెమరెయ్యదు. ఆవు, గేదె వేస్తాయి. పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచమంతటా వేల పొలాల వివరాలు పోగుచేసి 2018లో 'సైన్స్' పత్రికలో వేసిన లెక్క ప్రకారం, కిలోకి కిలో చూస్తే చికెన్ కంటే చీజే వాతావరణానికి ఎక్కువ చేటు. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానం మనదే. 2019 పశుగణనలో దేశంలో ఆవులూ ఎద్దులూ 19 కోట్ల పైచిలుకు, గేదెజాతి దాదాపు 11 కోట్లు. ఇవన్నీ ఎవరికోసం నెమరేస్తున్నాయి? దమ్ బిర్యానీ కోసమా? కిలో నెయ్యి తీయాలంటే చిక్కటి గేదె పాలైనా పదిహేను లీటర్ల దాకా కావాలి. నేతిలో వేయించిన జీడిపప్పుకి అంటని మీథేన్ తలకాయ కూరకే ఎలా అంటుకుందో ఆ పెద్దమనిషి చెప్పలేదు.

ఇక అహింస. గేదె ఈనితేనే పాలు. పుట్టే దూడల్లో సగం మగవే. ట్రాక్టరు వచ్చాక దున్నపోతుతో పనేముంది? పాడి ఉన్న ఊరికెళ్లి తెల్లవారుజామున కొట్టంలో నిలబడి చూడండి. తల్లి చేపడం కోసం దూడని రెండు నిమిషాలు పొదుగు దగ్గర వదులుతారు. పాలు దిగగానే మెడతాడు పట్టి ఈడ్చి గుంజకి కట్టేస్తారు. పెయ్యదూడకైతే ఒక చన్ను మిగులుస్తారు, మగదానికి చాలాచోట్ల అదీ లేదు. డొక్కలు ఎండి, కాళ్లు వణికి, అలాగే పోయేవి ఎన్నో. దూడ పోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టేవాళ్లున్నారు. అది నాకుతూ నాకుతూ పాలిస్తుంది. ఆ ఓపిక కూడా లేనివాళ్లు సూది పొడుస్తారు. బతికి బట్టకట్టిన దున్నపోతులూ, వట్టిపోయిన గేదెలూ చివరికి చేరేది కబేళాకే. మన దేశం నుంచి ఏటా టన్నులకొద్దీ ఎగుమతయ్యే గేదె మాంసం పాడి కొట్టాల్లోంచి కాక ఆకాశం నుంచి ఊడిపడుతోందా? నేను రైతును అనడం లేదు. లీటరుకి అతని చేతికొచ్చేదెంతో తెలిసినవాళ్లెవరూ అనరు. ఫిల్టర్ కాఫీ చప్పరిస్తూ కసాయిని తిట్టేవాళ్ల సంగతే చెబుతున్నా.

"మరి అమెజాన్ తగలబడటం లేదా?" అంటారు. తగలబడుతోంది, పశువుల బీళ్ల కోసమే ఎక్కువగా అడవి కొడుతున్నారు. బ్రెజిల్ మందల్లో ఎక్కువ భాగం మన ఒంగోలు జాతి సంతానమే, అక్కడ 'నెలోర్' అంటారు. మన గిత్త బ్రెజిల్‌లో వెలిగిపోతోందని సభల్లో మీసం మెలేస్తాం. ఎందుకు పెంచుతున్నారో మాత్రం అడగం. వాళ్లేమీ పూజకి పెంచడం లేదు. అది వేరే గొడవ అనుకోండి. కానీ బ్రెజిల్ అడవి లెక్క తెచ్చి మహబూబ్‌నగర్ గొర్రె మీద రాస్తే ఎలా? అదే పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. కోతలయ్యాక మిగిలిన కొయ్యకాళ్లు, గట్ల మీద గడ్డి, తుమ్మకాయలు తిని బతికే జీవమది. రైతే ఎదురు డబ్బో గింజలో ఇచ్చి మందని తన చేలో రాత్రి ఆపించుకుంటాడు, ఎరువు కోసం. గొర్రె కూడా నెమరేస్తుందిగా అంటే, వేస్తుంది. నీళ్లు నిలిచిన వరిమడీ మీథేన్ వదులుతుంది. అన్నం మానేద్దామా?

అసలు ఇది భూమి గొడవ కాదు, అంటు గొడవ. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లే. అయినా అద్దె ఇంటికెళ్తే "వెజ్ ఓన్లీ". 2024 మార్చిలో జొమాటో 'ప్యూర్ వెజ్' ఆర్డర్లకి వేరే మనుషులు, పచ్చ చొక్కాలు అని ప్రకటించింది. గోల లేచేసరికి మర్నాడే చొక్కా రంగు మార్చుకుంది గాని మనుషుల్ని వేరుచేయడం మానలేదు. ఇందులో ఏ కార్బన్ తగ్గింది? బండిలో పోసేది అదే పెట్రోలు. మధ్యప్రదేశ్‌లో 2015లో అంగన్‌వాడీ పిల్లలకి గుడ్డు వద్దన్నది ఏ వాతావరణం కోసం?

ఏమీ చెయ్యొద్దని కాదు. ఫారం కోళ్లకి వేసే మందుల సంగతి అడగాలి, రొయ్యల చెరువులు చుట్టుపక్కల పొలాల్ని ఉప్పుపాలు చేయడం గురించి అడగాలి. పెళ్లిళ్లలో పారేసే విస్తళ్ల సంగతి ఇంకా ముందు అడగాలి. ఎవరు ఎంత తగ్గించాలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. పాలు, నెయ్యి, పనీర్, మటన్ అన్నీ కలిపి తగ్గించుకుందామంటే నేను రెడీ. నన్నొక్కణ్నే మానమంటే మాత్రం మానను.