పిలుపు అందుకున్నాక

కోనసీమలో వైనతేయ నది ఒడ్డున ఉన్న అప్పనపల్లి బాలబాలాజీ గుడికి ఆద్యుడు మొల్లేటి రామస్వామి. కొబ్బరి వ్యాపారి. స్వామి ఆయనకు కలలో కనిపించాడని ఊళ్లో చెబుతారు. ధ్వజస్తంభానికి చూసుకున్న మాను బేరం తెగక వదిలేసి వస్తే, అదే మాను గోదావరి వరదకు కొట్టుకొచ్చి ఊరి ఒడ్డుకు చేరిందనీ చెబుతారు. 1991లో కొత్త గుడి కూడా వెలిసింది. తనకొచ్చిన పిలుపును నమ్మి కష్టార్జితాన్ని దాని వెంట పెట్టిన మనిషి ఆయన. ఆయనకు చేతులెత్తి మొక్కుతాం. అయితే గుడి కట్టమన్న పిలుపుకు తోడు వచ్చేవాళ్లుంటారు. మీ భక్తిలో అన్యాయం ఉందని భక్తులకే చెప్పమన్న పిలుపు వస్తే, అది అందుకున్నవాడు ఒంటరి.

అప్పనపల్లి ఉన్న మండలానికి కేంద్రమైన మామిడికుదురులోనే 1911లో ఒక దళిత కుటుంబంలో బోయి భీమన్న పుట్టారు. కవి అన్నాం, నాటకకర్త అన్నాం. ప్రవక్త అని కూడా అనాలి. ఆయన 'రాగవాసిష్ఠం' నాటకానికి వస్తువు అరుంధతీ వసిష్ఠుల ప్రేమ. మన పెళ్లిళ్లలో పురోహితుడు కొత్త జంటను పందిరి బయటికి తీసుకొచ్చి ఆకాశం వైపు వేలు చూపిస్తాడు. మిట్టమధ్యాహ్నమైనా సరే, బాసికం సర్దుకుంటూ పెళ్లికూతురు తలెత్తి, చుక్క కనబడిందంటుంది. ఆ చుక్కైన అరుంధతి అంటరాని ఇంటి బిడ్డ అని భీమన్న గుర్తుచేశారు. ఏ ఇల్లాలికి దండం పెట్టమని కొత్త కోడలికి చెబుతున్నామో, ఆమె పుట్టింటివాళ్లనే ఊరి చివర ఉంచాం. మతాన్ని తిట్టి బయటికి వెళ్లిపోవడం ఒక దారి. ఆయన వెళ్లలేదు. పురాణం తనదేనని పట్టుకుని, దాని లోపలి నుంచే నిలదీశారు. అందుకే ఆ మాట అంత గట్టిగా తగులుతుంది.

కోనసీమ చర్చిల్లో ఇలాంటి మరో ప్రవక్త ఆమోసు గ్రంథం చదువుతారు. ఆమోసు పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకు బతికినవాడు. పేదల్ని తొక్కి చేసే పండగలు దేవుడికి వద్దన్నందుకు, నీ దేశం పోయి అక్కడ చెప్పుకో అని బేతేలు యాజకుడు గదమాయించాడు. మన పోతులూరి వీరబ్రహ్మంగారినైతే వెళ్లగొట్టలేదు, సగమే విన్నాం. కాలజ్ఞానంలో ఏది నిజమైందో వేళ్ల మీద లెక్కపెడతాం. దూదేకుల సిద్ధయ్యను, మాదిగ కక్కయ్యను ఆయన శిష్యులుగా చేర్చుకున్న సంగతి మాత్రం కథగా చెప్పుకుని వదిలేస్తాం.

భీమన్న రాసిన 'గుడిసెలు కాలిపోతున్నాయి'కి 1975లో సాహిత్య అకాడమీ పురస్కారం ఇచ్చారు. 2001లో పద్మభూషణ్ వచ్చింది. 2005లో ఆయన కన్నుమూశారు. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో ఇళ్లకు నిప్పుపెట్టారు. గుడిసెలు కాలిపోతున్నాయన్న ఆ కవి పుట్టిన నేల మీదే ఇది జరిగింది. ఆ మంట గుర్తొచ్చినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

అప్పనపల్లి పెద్దలకు, భక్తులకు మా విన్నపం ఒక్కటే. స్వామివారి కల్యాణోత్సవాలప్పుడు ఒక రాత్రి గుడి ముందు 'రాగవాసిష్ఠం' ఆడించండి. మామిడికుదురు దళిత పేటల వాళ్లను పేరుపేరునా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి.