గడప దాటే దారి

కోలారు జిల్లా ఆవనిలో 10వ శతాబ్దపు నొళంబుల కాలంనాటి రామలింగేశ్వరాలయాలు ఉన్నాయి. లవకుశులు పుట్టిన చోటు ఇదేనని జనం నమ్మకం. కొండమీద సీతమ్మ గుడి ఉంది. అయితే చక్రాల కుర్చీలో వచ్చినవారికి కింద గుడి గడపే కొండ అవుతుంది. 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల్లో రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిన వృద్ధులకు నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసమే. వారు బయటే ఆగిపోవడం న్యాయమా?

పాత రాళ్లను కదిలించరాదు కదా అని కొందరంటారు. నిజమే. కాని మేకు కొట్టకుండా, అవసరమైనప్పుడు వేసి తీసే చెక్క వాలుబాట వల్ల శిల్పాలకు హాని లేదు. కొండ ఎక్కలేనివారికి పై గుడి నమూనాను కిందనే చూపవచ్చు. ప్రజలు వచ్చే కట్టడాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి చట్టం కూడా చెబుతున్నది. అందరూ చేరగలిగినప్పుడే ఆ సంపద అందరిదీ అవుతుంది.