‘పేషెంటు తాలూకు ఎవరు?’

వృద్ధాప్యంలో జబ్బుపడిన మనిషి వైద్యుడి దాకా వెళ్లటం, వెళ్లకపోవటం జబ్బు తీవ్రతను బట్టి మాత్రమే తేలదని, జీవిత భాగస్వామి ఉన్నారా లేరా అన్నది కూడా దాన్ని నిర్ణయిస్తుందని జనాభా శాస్త్రం ఏనాటినుంచో చెబుతున్నా, ప్రభుత్వాలు ఆ సంగతిని ఇప్పటికీ ఇంటి వ్యవహారంగానే వదిలేస్తున్నాయి. ఇది సరికాదు. 2011 జనగణన నాటికి దేశంలో అరవై ఏళ్లు దాటినవారు సుమారు 10.4 కోట్లు కాగా, ఆ వయసు పురుషుల్లో భార్యను కోల్పోయినవారు దాదాపు ఏడుగురికి ఒకరు, స్త్రీలలో భర్తను కోల్పోయినవారు ఇంచుమించు సగం. భర్త వయసులో పెద్దవాడు కావటం, స్త్రీ ఆయుర్దాయం ఎక్కువ కావటం, మగవాడికి చెల్లే మారుమనువు ఆడదానికి చెల్లకపోవటం కలిసి తెచ్చిన తేడా ఇది. కనుక ప్రభుత్వ పత్రాలు ‘వృద్ధుల ఆరోగ్యం’ అని గుండుగుత్తగా రాసుకునే సమస్యలో పెద్ద భాగం ఒంటరిగా మిగిలిన ముసలి ఆడవాళ్లదే.

ఆరోగ్య సేవల వినియోగమంటే ఆసుపత్రిలో చేరటం ఒక్కటే కాదు. రక్తపోటు చూపించుకోవటం, నెలనెలా మాత్రలు తెచ్చుకోవటం, శుక్లం ముదరకముందే కంటి డాక్టరును కలవటం కూడా అందులోకే వస్తాయి. అమెరికా పరిశోధకుడు రొనాల్డ్ ఆండర్సన్ 1968లో ప్రతిపాదించిన నమూనా ఈ వినియోగానికి మూడు రకాల కారణాలను చూపింది: వయసు, చదువు, వైవాహిక స్థితి వంటి ముందునుంచీ ఉన్న లక్షణాలు, డబ్బు, బీమా, రవాణా వంటి వెసులుబాట్లు, జబ్బు అనే అసలు అవసరం. వైధవ్యం ఈ మూడింటినీ ఒక్కసారే తాకుతుంది, ఎందుకంటే ఇంట్లో వితంతువు మాటకున్న విలువ తగ్గుతుంది, చేతిలో డబ్బు ఆడదు, దిగులుతో తిండీ నిద్రా తగ్గి ఉన్న జబ్బు ముదురుతుంది. వితంతువులు సగటున వయసులో పెద్దవాళ్లు కాబట్టి ఆసుపత్రికి వెళ్లినవారి తలలు లెక్కపెడితే వాళ్లకు వైద్యం బాగానే అందుతున్నట్టు కనబడవచ్చు. ఒకే వయసు, ఒకే జబ్బు ఉన్నవారిని పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అసలు లోటు బయటపడదు. అలా చూడటానికి సమాచారం లేదనే సాకు చెల్లదు. నలభై అయిదేళ్లు దాటిన 72 వేల మందికి పైగా వ్యక్తులతో 2017-18లో జరిగిన ‘లాసీ’ సర్వే, అంటే దేశంలో వృద్ధాప్యం తీరును ఏళ్ల తరబడి గమనించేందుకు తలపెట్టిన అధ్యయనం, వైవాహిక స్థితినీ వైద్యాన్నీ ఖర్చునూ ఒకేచోట నమోదు చేసింది.

ఆ లోటు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఏ పెద్దాసుపత్రి వార్డు గుమ్మం దగ్గర నిలబడినా చాలు. అక్కడ వినిపించే మొదటి ప్రశ్న ‘పేషెంటు తాలూకు ఎవరు?’ అన్నదే. ఓపీ చీటీ రాయించటం, రక్తం సీసాను ల్యాబులో ఇచ్చి రావటం, స్ట్రెచర్‌కు ఓ చెయ్యి వేయటం, ఆరోగ్యశ్రీ కౌంటరులో కార్డు చూపటం, ఆపరేషనుకు ముందు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టటం, రాత్రంతా సెలైన్ సీసా వైపు కన్నేసి ఉంచటం, ఇవన్నీ ఆ ‘తాలూకు’ మనిషి పనులే. భర్త మంచాన పడ్డప్పుడు ఇవన్నీ భార్య చేస్తుంది. అతని వైద్యానికి పొలమో పుస్తెలతాడో తాకట్టు పడుతుంది. ఆమె వంతు వచ్చేసరికి పక్కన మనిషీ ఉండడు, తాకట్టుకు వస్తువూ ఉండదు. ‘ఈ వయసులో నాకెందుకులే’ అని వృద్ధురాలు అనే మాటను వైరాగ్యమని పొరబడేవారే ఎక్కువ. తన కోసం కొడుకు రోజు కూలి పోగొట్టుకోవాల్సి వస్తుందన్న లెక్క ఆ మాట వెనుక ఉంటుంది.

భార్యను పోగొట్టుకున్న పురుషుల స్థితీ తేలికైనదేం కాదు. బ్రిటన్‌లో యాభై అయిదేళ్లు దాటిన 4,486 మంది విధురులను గమనించి 1969లో ప్రచురించిన అధ్యయనం, భార్య పోయిన తొలి ఆరు నెలల్లో వారి మరణాలు అదే వయసు వివాహితుల కంటే 40 శాతం అధికమని తేల్చింది. తొలి నెలల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలనటానికి ఇదొక్కటి చాలు.

తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో ఏమీ చేయలేదనటం అన్యాయమవుతుంది. వృద్ధులకూ వితంతువులకూ 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్ నెలకు 4,000 రూపాయలు ఇంటి దగ్గరే ఇస్తోంది. తెలంగాణ ఆసరా కింద 2,016 రూపాయలు ఇస్తూ వచ్చింది. రెండుచోట్లా ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం ఉంది. డెబ్భై ఏళ్లు దాటినవారికి కేంద్రం 2024 అక్టోబరులో ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్‌ను వర్తింపజేసింది. అయితే పింఛను మాత్ర కొనగలదేమో గాని వార్డులో రాత్రి మేలుకుని కూర్చోలేదు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తీసుకెళ్లే ఆరోగ్య పరిశీలన ఫారం పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత గురించి అడుగుతుంది. అరవై దాటినవారిని స్నానానికి, నడవటానికి ఒకరి సాయం కావాలా అని కూడా అడుగుతుంది. ఆ సాయం చేసే మనిషి ఇంట్లో ఉన్నారా అని మాత్రం అడగదు. మరోవైపు, పింఛనుదారు మరణిస్తే దాన్ని భార్యకు మార్చే ‘స్పౌజ్’ విభాగం పుణ్యమా అని ఏ ఊళ్లో ఏ పింఛనుదారు భార్య ఏ నెలలో ఒంటరయిందో ఆంధ్రప్రదేశ్‌లోని సచివాలయ సిబ్బందికి పేర్లతో సహా తెలుసు. ఒక శాఖ దగ్గరున్న ఆ జాబితా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరకపోవటానికి సమర్థన ఏదీ కనబడదు.

పిల్లలుండగా ప్రభుత్వానికేం పని అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమానికి 2007లో చేసిన చట్టం ట్రైబ్యునల్ ద్వారా నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించగలదు, అదీ తల్లి కొడుకు మీద ఫిర్యాదుకు సిద్ధపడితే. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు డబ్బు పంపినా మంగళవారం ఉదయం ఓపీ వరుసలో వచ్చి నిలబడలేడు.

కాబట్టి రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ చేయవలసింది స్పష్టమే. ఒంటరిగా మిగిలినవారి పేర్లు ఆ నెలలోనే ఏఎన్ఎంకు అందాలి. తొలి ఆరు నెలలూ ఆమె నెలకోసారి ఇంటికి వెళ్లి రక్తపోటు, చక్కెర చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను గడప దాకా వచ్చే ఒకటో తేదీనే నెల మాత్రలూ రావాలి. బోధనాసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో తోడు లేని రోగికి తోడుగా ఉండేందుకు జీతమిచ్చి మనుషులను నియమించాలి, అందుకు స్వయం సహాయక సంఘాల మహిళలకు శిక్షణ ఇవ్వవచ్చు. సమ్మతి పత్రం మీద స్పృహలో ఉన్న రోగి సంతకమే చాలునని ఆరోగ్య శాఖ సర్క్యులర్ జారీ చేయాలి. ‘మనిషి రాలేదు’ అన్న కారణంతో వాయిదా పడిన ప్రతి ఆపరేషనునూ సూపరింటెండెంటు రిజిస్టరులో ఎక్కించి, నెలాఖరుకు జిల్లా కలెక్టరుకు వివరణ పంపాలి.