అటు, అట్టు, నడుమ ఒక చిటపట



కంప్యూటరులో ముఖాముఖి మాట్లాడుకొనేటప్పుడు ధ్వని చిటపటలాడితే దానిని చిన్న చికాకుగా ఎంచి ఊరుకొనేవారే ఎక్కువ. "మనిషి కనబడుతున్నాడు కదా, మాట సగం వినబడినా ఫరవాలేదు" అని సరిపెట్టుకొంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధం. బొమ్మ పోయినా సంభాషణ నిలుస్తుంది. మాట పోతే బొమ్మ ఎంత స్వచ్ఛంగా ఉన్నా ప్రయోజనం శూన్యం. అందునా తెలుగు వంటి భాషకు ఈ చిటపట చేసే కీడు తక్కువది కాదు. ఆ కీడు ఎట్టిదో, దాని మూలం ఎక్కడ ఉందో, మనం ఏమి అడగవలెనో, ఏమి చేయవలెనో ఈ టపాలో విన్నవించుకొంటాను.

నేను ముప్పై యేళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి విరమించినవాణ్ణి. మా చిరాగ్‌పల్లి జహీరాబాదు దాటిన తరువాత, పూణె వైపు పోయే 65వ జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉంది. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఇక్కడ ఒకే అరుగు మీద కూర్చొని మాట్లాడుకొంటాయి. అందుచేత మావారి చెవులకు ఉచ్చారణ భేదాలు పట్టుకొనే అలవాటు చిన్ననాటినుండే ఉంటుంది. ప్రతి ఆదివారం ఉదయం, అంటే అమెరికాలో శనివారం సాయంత్రం, అక్కడ ఉన్న నా మనుమరాలికీ దాని స్నేహితురాళ్లు నలుగురికీ పద్యాలు చెబుతుంటాను. ఒక వారం కంప్యూటరు తనంతట తాను అప్‌డేటు చేసుకొన్నది. ఆ మరుసటి ఆదివారం నుండి నా గొంతు వారికీ, వారి గొంతులు నాకూ వేయించిన పేలాల మాదిరిగా వినబడసాగాయి. ఈ టపాకు ప్రేరణ అదే.

మాటకు కలిగే నష్టం

దృశ్యసంభాషణలో ధ్వని ఏకధారగా పోదు. దానిని చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపుతారు. 2012లో ప్రమాణంగా స్థిరపడిన ఓపస్ అనే పద్ధతిని నేటి సంభాషణ సాధనాలు చాలావరకు వాడుతున్నాయి. దానిలో ఒక్కొక్క ముక్క సాధారణంగా 20 మిల్లీసెకన్లు, అంటే సెకనులో యాభయ్యో వంతు. వరుసగా రెండు మూడు ముక్కలు జారిపోతే మనకు అదొక చిన్న 'టప్పు'మనే చప్పుడు. కాని ఆ వ్యవధిలో తెలుగులో ఏమేమి జరుగుతాయో ఆలోచించండి.

వేగంగా మాట్లాడేటప్పుడు హ్రస్వాచ్చు పలకడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. దీర్ఘం దానికి ఇంచుమించు రెట్టింపు. దీర్ఘంలో కొంత తెగిపోతే మిగిలేది హ్రస్వమే. "పాడమ్మా" అని నేను అంటే అటు "పడమ్మా" అని వినబడుతుంది. కోరినది పాట, వినబడినది పాటు!

ద్విత్వం సంగతి ఇంకా విచిత్రం. 'ట్ట' పలికేటప్పుడు నాలుక అంగిలికి అంటుకొని ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో శబ్దమే ఉండదు. ద్విత్వానికి ప్రాణం ఆ నిశ్శబ్దమే. 'అటు'కూ 'అట్టు'కూ భేదం ఆ ఆగడంలోనే ఉన్నది. యంత్రం తన లోపం చేత మాట నడుమ ఒక నిశ్శబ్దాన్ని చొప్పిస్తే లేని ద్విత్వం పుడుతుంది, నిశ్శబ్దం ఉండవలసిన చోట చిటపట దూరితే ఉన్న ద్విత్వం నశిస్తుంది. తెలుగు ఇంట పుట్టి పెరిగినవాడు సందర్భాన్ని బట్టి సవరించుకొంటాడు. వారానికి ఒక గంట మాత్రమే తెలుగు వినే పిల్ల దేనిని ఆధారం చేసుకొని సవరించుకోగలదు? అది విన్నదే నేర్చుకొంటుంది.

శ, ష, సల మాట చెప్పనే అక్కరలేదు. పాత టెలిఫోను 300 నుండి 3400 హెర్ట్జుల వరకే మోసేది. 'స'కారపు బుస చాలావరకు 4000కు పైన ఉంటుంది. కొన్ని బ్లూటూత్ చెవియంత్రాలు పాట వినేటప్పుడు చక్కగా పలికి, మైకు తెరవగానే సెకనుకు 8000 నమూనాల పాత పద్ధతికి దిగజారుతాయి. అప్పుడు 4000 హెర్ట్జులకు పైన ఏదీ మిగలదు. 'సకలం' అంటే సమస్తం, 'శకలం' అంటే ముక్క. ఈ రెంటినీ కలపవద్దని సంస్కృతం చదువుకొన్న ప్రతివాడికీ గురువు తొలినాళ్లలోనే హెచ్చరిక చేస్తాడు. యంత్రానికి ఆ గురువు లేడు.

అన్వయవ్యతిరేకాలు

ధ్వని చెడినప్పుడు అందరూ మొదట చెప్పే మాట "మీ పల్లెటూళ్లో నెట్టు సరిగా ఉండదండీ" అని. నాకూ అదే చెప్పారు. మరమ్మతు దుకాణంలో ఒకరు "యంత్రం పాతబడింది, కొత్తది కొనండి" అన్నారు. ఈ రెండు మాటలకూ పరీక్ష అన్నది లేదు.

మన శాస్త్రాలలో కారణాన్ని నిర్ణయించడానికి ఒక చక్కని మార్గం ఉన్నది. ఇది ఉంటే అది ఉండడం అన్వయం, ఇది లేకపోతే అది లేకపోవడం వ్యతిరేకం. రెండూ కుదిరితేనే కారణమని ఒప్పుకోవాలి. కంప్యూటరు రోగానికి కూడా ఇంతకంటె మంచి మందు లేదు.

మొదటిది: నెట్టును పూర్తిగా ఆపి, కంప్యూటరులో దాచుకొన్న పాట ఒకటి వినాలి. అప్పుడూ చిటపట వినబడితే నెట్టు నిర్దోషి. నెట్టు దోషమైతే సాధారణంగా మాట ఆగి ఆగి రావడం, మనిషి నీళ్లలోనుండి మాట్లాడినట్లు వినబడడం జరుగుతుంది. పేలాలు వేగినట్లు గరగరలాడితే చాలాసార్లు దోషం యంత్రంలోనే ఉంటుంది.

రెండవది: చెవియంత్రాన్ని మార్చి చూడాలి. తీగ ఉన్నదానికీ బ్లూటూత్ దానికీ భేదం కనబడితే దోషం అక్కడ ఉన్నది.

మూడవది: అదే నెట్టు మీద చేతిఫోనుతో మాట్లాడి చూడాలి. అక్కడ శుభ్రంగా ఉంటే కంప్యూటరునే అనుమానించాలి.

నాలుగవది: రోగానికి ముందు ఏమి మారినదో చూడాలి. నా యంత్రంలో మారినది ఒక్కటే, ధ్వని డ్రైవరు.

డ్రైవరంటే దుబాసీ. కంప్యూటరుకూ ధ్వని పలికించే చిప్పుకూ నడుమ నిలిచి ఒకరి మాట మరొకరికి చేరవేస్తాడు. యంత్రం తయారు చేసినవారు ఆ చిప్పు నుడికారం ఎరిగిన దుబాసీని పెట్టి పంపుతారు. అప్‌డేటు వచ్చి, అందరి భాషా కొద్దికొద్దిగా తెలిసిన సామాన్య దుబాసీని ఆ స్థానంలో కూర్చోబెడుతుంది. పని జరుగుతుంది గాని నట్టుతుంది. ధ్వని ఒక కుండలోనుండి ధారగా పడుతున్నదనుకోండి. నీరు అడుగంటకముందే కుండను మళ్లీ నింపుతూ ఉండాలి. నింపేవాడు రవ్వంత ఆలస్యం చేస్తే ధార తెగుతుంది. తెగిన ప్రతిచోటా చెవికి ఒక 'టప్పు'.

పాత దుబాసీని తిరిగి పిలిపించగానే నా గరగర మాయమైనది. ఇది అన్వయం, వ్యతిరేకం రెండూ కుదిరిన కారణం.

విండోసు వాడేవారు డివైస్ మేనేజరులో ధ్వని పరికరం మీద నొక్కి, ప్రాపర్టీస్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' అనే మీటను వెదకవచ్చు. పాత డ్రైవరు యంత్రంలో మిగిలి ఉంటేనే అది పని చేస్తుంది. లేకపోతే యంత్రం తయారీదారుల స్థలంనుండి దించుకోవాలి. ధ్వని అమరికలలో 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' అనే అలంకారాలను ఆపి చూడడం, నమూనాల సంఖ్య 44,100 ఉంటే 48,000కు మార్చి చూడడం కూడా కొందరికి గుణమిస్తాయి. మొదటి సంఖ్య సీడీలనుండి వచ్చినది, రెండవది దృశ్యసాధనాల వాడుక. లినక్సులోనూ ఇటువంటి మార్పే జరిగినది. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 పాత పల్స్‌ఆడియోకు బదులు పైప్‌వైర్‌ను ధ్వని నిర్వాహకుడిగా నియమించాయి. అక్కడ గరగర వస్తే ఒక్కొక్క విడత నింపే పరిమాణాన్ని కొంచెం పెంచి చూడవలె. కుండ పెద్దదైతే నింపేవాడికి తీరిక దొరుకుతుంది. మాట మాత్రం లవలేశం ఆలస్యంగా చేరుతుంది.

గంటను రొద అనుకొనే యంత్రం

చిటపట తగ్గిన తరువాత మరొక అన్యాయం కంటబడినది, చెవిబడినది. నేటి సంభాషణ సాధనాలలో రొదను అణచే ఏర్పాటు ఉంటుంది. మనిషి మాటను ఉంచి మిగిలిన చప్పుడును తీసివేయడం దాని పని. మా ఊరి రహదారి లారీల మోత అణగడం మంచిదే. కాని పద్యం చివర రాగం తీసి ఒక స్వరం మీద నిలిస్తే, ఆ నిలకడను కూడా అది ఫ్యాను చప్పుడుగా లెక్కించి కోసివేస్తుంది. అవధానంలో పృచ్ఛకుడొకరు నడుమ నడుమ గంట కొడుతుంటారు. ఎన్ని గంటలో అవధాని చివర చెప్పాలి. ఆ గంటను యంత్రమే మింగితే అవధాని ధారణను ఎవరు తప్పుపట్టగలరు? జూమ్ వంటి సాధనాలలో ధ్వనిని ఉన్నదున్నట్లు పంపే 'ఒరిజినల్ సౌండ్' అనే వీలు ఉన్నది. సంగీతం, పద్యం చెప్పేవారు దానిని తెలుసుకోవలె. దానిని ఎంచుకొనవలసిన బరువు మాత్రం వాడుకరి మీదనే పడుతున్నది.

అప్‌డేటు వద్దనను, అడగమంటాను

ఇంతకూ అప్‌డేటులు మానుకోవలెనని నా వాదం కాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళాలు వేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత బడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే మరమ్మతు ఆ సంవత్సరం మార్చిలోనే విడుదలైనది. వేసుకొన్నవారు బయటపడ్డారు. కనుక తలుపుకు గడియ బిగించడానికి వచ్చే వడ్రంగిని ఎవరూ వద్దనరు. గడియ బిగించడానికి వచ్చినవాడు చెప్పాపెట్టకుండా ఇంట్లో వీణ తీగలు కూడా మార్చిపోతే ఏమనవలె?

భద్రతకు సంబంధించిన మరమ్మతులను వెంటనే వేయనీయండి. ధ్వని, తెర, మైకు వంటి పనిముట్లను మార్చేటప్పుడు మాత్రం ముందుగా అడగాలి. ఏమి మారుతున్నదో యజమానికి తెలిసిన భాషలో రెండు ముక్కలలో చెప్పాలి. నచ్చకపోతే ఒక్క మీటతో వెనుకకు పోయే దారి ఉంచాలి. వెనుకకు పోయిన తరువాత మళ్లీ అదే డ్రైవరును నెత్తిన రుద్దకూడదు. నా యంత్రంలో నెల తిరగకుండానే ఆ సామాన్య దుబాసీ మళ్లీ వచ్చి కూర్చొన్నాడు! పాతవాణ్ణి తిరిగి కూర్చోబెట్టాను గాని, ఇట్లా ఎన్నిసార్లు? పల్లెలో ఒంటరిగా ఉండే వృద్ధులకు నెలనెలా ఈ కుస్తీ పట్టే ఓపిక ఉంటుందా? వారు "నెట్టు బాగుండదు" అనుకొని, పిల్లలతో మాట్లాడే సమయాన్ని క్రమంగా తగ్గించుకొంటారు. అసలు నష్టం అక్కడ జరుగుతున్నది. దానిని ఎవరూ లెక్కించరు.

మన వంతు

జహీరాబాదు పక్కన మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టినది. నడిపినవారు దళిత మహిళలు. చిరుధాన్యాలు, విత్తనాలు, పండుగలు, పాటలు, అన్నీ మా సీమ యాసలోనే. అక్కడ బొమ్మ లేదు. గొంతు ఒక్కటే. చదువు రాని తల్లులు కూడా మైకు పట్టుకొని, ధ్వనిని కోసి అతికే పని నేర్చుకొన్నారు. యంత్రం పట్టణంవారి సొత్తు అనీ, చదివినవారి సొత్తు అనీ వారు అనుకోలేదు. ఎవరైనా "నాకు ఈ కంప్యూటరు తెలియదండీ" అన్నప్పుడల్లా నాకు వారే గుర్తుకు వస్తారు. వారికి ఆ పని ఎదుట నిలబడి నేర్పినవారు ఉన్నారు. మనవారికి నేర్పేవారు ఎవరు?

ఈ ప్రశ్న మిమ్మల్నే అడుగుతున్నాను, ఎందుకంటే ఒకప్పుడు మీరే నేర్పారు. విండోసు ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు విడివిడిగా, గుడికి ఒత్తుకు పొత్తు లేకుండా కనబడే రోజులలో, సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు ఎక్కడ పెట్టవలెనో తెరచిత్రాలతో సహా తెలుగులో వ్రాసి చూపినవారు మీరు. లేఖిని తెరిచి మొదటి అక్షరం టైపు చేసిన నావంటివారు ఎందరో ఆ టపాల పుణ్యాన ఇటు వచ్చారు. అప్పుడు కంటికి తెలుగు కనబడడం సమస్య. ఇప్పుడు చెవికి తెలుగు వినబడడం సమస్య. మొదటిదానికి అంత శ్రమపడినవారు రెండవదానికి ఎందుకు మౌనం వహించవలె? ఈ రోగాలకు మందులు ఇంగ్లీషులో కొల్లలుగా ఉన్నాయి. తెలుగులో వెదికితే దొరికేవి బహు తక్కువ, దొరికినవి సగానికి పైగా అర్థం కాని అనువాదాలు.

కనుక నా ప్రార్థన ఒక్కటే. మీ యంత్రంలో ఇటువంటి చిక్కు ఒకటి విడిపోయినప్పుడు, ఏ సంవత్సరపు యంత్రం, ఏ వ్యవస్థ, ఏమి మారితే రోగం వచ్చినది, ఏమి మార్చితే పోయినది, ఈ నాలుగు సంగతులూ తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాసి పెట్టండి. ఏ ఊరిలోనో ఏ తాతగారో వెదుకుకొంటూ వచ్చి చదువుకొంటారు. ఆ వారం వారి మనుమడికి 'అట్టు' అట్టుగానే వినబడుతుంది.

మీ అనుభవాలు, భిన్నాభిప్రాయాలు వ్యాఖ్యలలో తెలుపగలరు. స్వస్తి.