సంతకం పెట్టిన మాస్టారికి నా పేరు తెలియదు

ఇండియాలో ఇంజనీరింగ్ చదివి ఇక్కడ ఎమ్మెస్ చేసిన మనవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన సంగతే, బయటికి చెప్పుకోరు అంతే. నా మూడు రికమెండేషన్ లెటర్లూ నేనే రాసుకున్నాను. సీనియర్ ఇచ్చిన ఫైల్లో పేరు మార్చి, నెట్ సెంటర్లో ప్రింటు తీసి స్టాఫ్ రూము ముందు నిలబడ్డాను. మాస్టారు చదవకుండానే సంతకం పెట్టారు. "ఏ బ్రాంచి నువ్వు?" అని మాత్రం అడిగారు. ఆయన రెండేళ్ళు మాకు పాఠం చెప్పారు. నన్ను బాగా దగ్గరగా ఎరుగుదునని ఆ కాగితంలో ఉంది!

తప్పు ఆయనదనను. జీతం మూడు నెలలకోసారి వచ్చేది. సాయంత్రం ఇంకో కాలేజీలో క్లాసు చెప్పుకునేవారు.

ఇక్కడ మొదటి సెమిస్టర్ మిడ్‌టర్మ్‌లో మార్కులు తక్కువొస్తే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి రమ్మన్నాడు. తిడతాడనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను. కూర్చోమని, నా పేపరు తీసి, "ఇక్కడ ఏమనుకుని ఇలా రాశావు?" అని అడిగాడు. పదహారేళ్ళ చదువులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. (ఇక్కడంతా స్వర్గమని కాదు. గైడు దయ మీద రోజులు నెట్టుకొచ్చే పీహెచ్‌డీ వాళ్ళు ఇక్కడా ఉన్నారు.)

నాలాంటివాడు ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కింది 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్లే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ సీటుకి డబ్బు కట్టిన ప్రభుత్వం, క్లాసులో పాఠం చెప్పే మనిషి సంగతి పట్టించుకోలేదు. బకాయిలు పేరుకుంటే ముందు ఆగేది ఆయన జీతమే. ఇది చాలదన్నట్టు, 15 మందికి ఒక అధ్యాపకుడు ఉండాలన్న నిబంధనని 2018లో ఏఐసీటీఈ 20 మందికి ఒకరుగా సడలించింది. యాజమాన్యాలకి ఖర్చు తగ్గింది.

అమ్మానాన్నలు చదువుకున్నవాళ్ళయితే పిల్లాడికి ఇంట్లో ఎవరో ఒకరు దారి చెబుతారు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే. మాలాంటివాళ్ళకి కాలేజీలో మాస్టారు తప్ప ఇంకెవరున్నారు? 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ అనే దళిత పరిశోధక విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాక బయటపడింది, అతనికి అసలు గైడునే కేటాయించలేదని. 2013లో మాదారి వెంకటేశ్ చనిపోయినప్పుడూ అదే ఆరోపణ. ఇద్దరికీ సీటు దక్కింది, మాస్టారు దక్కలేదు. టీచర్స్ డే నాడు శ్లోకాలు చదివే నాయకులెవరికీ ఇది గుర్తున్నట్టు లేదు.

మనం ఊరి కాలేజీకి కంప్యూటర్లిస్తాం, ఫోటోలు దిగుతాం. ఈసారి వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్ గారిని కొన్ని లెక్కలు అడుగుదాం. రెగ్యులర్ అధ్యాపకులెందరు? ఏడాది మధ్యలో మానేసినవాళ్ళెందరు? చివరి జీతం ఏ నెలది? అమెరికా పర్యటనకి వస్తున్నాం, సభ పెట్టండని మన నాయకులు ఫోన్ చేసినప్పుడు కూడా ముందు ఇవే అడుగుదాం. హాలు సంగతి తర్వాత చూసుకోవచ్చు.