చెరువుగట్టున నిల్లు

చిరాగ్‌పల్లి మీదుగా హైదరాబాదు–ముంబయి రహదారిని పోవుచు, ఆ ప్రాంతమున లేచుచున్న క్రొత్త యిండ్లను చూచినప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును: ఇవి మనుష్యులు వసించుటకా, బాటసారులు చూచి మెచ్చుటకా? పలుచని కాంక్రీటు కప్పు, పడమటి గోడనిండ అద్దములు, ఆకాశము కనరాని గదులు. వైశాఖమాసపు మధ్యాహ్నమున పొయ్యియొద్ద నిలుచు నిల్లాలి నడిగినచో ఈ సౌధముల విలువ తెలియును.

మండువాకు విడిచిన స్థలము వ్యర్థమని కొందరు వాదింతురు. వ్యర్థమేల యగును? రాత్రి మండువా నేల తన వేడిని ఆకాశమునకు విడుచును. చల్లబడిన గాలి అందు దిగి గదులలోనికి ప్రాకును. ఉదయమున వెలుపలి కిటికీలు మూసినచో ఆ చలువ చాలసేపు నిలుచును. మందమైన గోడ పగటి యెండను మెల్లగా గ్రహించి, లోపలికి రానిచ్చుసరికి సాయంకాలమగును. అట్టి గోడకు తగిన ఎర్రరాయి జహీరాబాదు–బీదరు ప్రాంతముననే లభించును. 15వ శతాబ్దమున బహమనీలు కట్టిన బీదరు కోట దానికి సాక్షి.

6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితయందు చతుశ్శాలాగృహములను సర్వతోభద్రము, నంద్యావర్తము మొదలగు పేర్లతో వర్ణించియున్నాడు. వాస్తువన్నచో ఈశాన్యమూలను తడుముటయే యనుకొనువారు ఆ యధ్యాయమును మరల చదువుదురు గాక. సూర్యుని గతియు చూడుడు: ఇచ్చట డిసెంబరు చివర మధ్యాహ్నమున సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తున, జూనులో నడినెత్తిన నుండును. కావున దక్షిణపు గోడకు తగిన చూరు చాలును. తూర్పు పడమరల ఏటవాలు టెండను చూరు ఆపజాలదు. అచ్చట కిటికీలు తగ్గింపవలయును.

ఇక నీటి మాట. నీటిమీదుగా వచ్చు గాలి వేసవిలో చలువ, వానకాలమున తేమ. కావున నీటివైపు కిటికీలు తెరచుటకు మూయుటకు వీలుగ నుండవలయును. కాని చలువకై చెరువునే మ్రింగుట యే న్యాయము? 10 హెక్టార్లును అంతకు మించియు నున్న చెరువుల హద్దునుండి 30 మీటర్లు విడువవలయునని 2012 నాటి భవననిర్మాణ నిబంధనలు విధించినవి. మన మురుగును నారింజవాగులోనికి వదలి, ఆ వాగు గాలి నాశించుట సిగ్గుచేటు.

మేము పూర్వాచారమునకు భజన చేయువారము గాము. పాత లోగిళ్లలో వీధియరుగు పురుషులది, పొగచూరిన వెనుకగది స్త్రీలది. అరుగునకు దూరముగ నిలువవలసినవారును కొందరుండిరి. ఆ గోడలను కూల్చుడు. మండువాను మాత్రము నిలుపుడు. వంటయిల్లు మండువాకు తెరచి, చదువుకొను బాలికకు నీటివైపు గది నిండు. అట్టి యిల్లు కట్టనివాడు ఎంత ధనము వెచ్చించినను సంస్కర్త యనిపించుకొనజాలడు.